కారు కింద ఎర్ర మరక

మా కారులో ఆ పసుపుపచ్చ లైటు మొదటిసారి వెలిగినప్పుడు నేను దాన్ని తిట్టాను. అది నా అలవాటు. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నదాన్ని, ఎదురుగా పిల్లలు లేకపోతే వస్తువుల్ని తిడతాను. మిక్సీని తిడతాను, మోటారుని తిడతాను. ఆ లైటు గేరు పళ్ళచక్రం బొమ్మలా ఉంది, మధ్యలో ఆశ్చర్యార్థకం. "నీకేటొచ్చిందే ఇప్పుడు?" అన్నాను. పక్క సీట్లో వెనక్కి వాలి పడుకున్న బావ కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

బావ అంటే నా భర్తే. మాది మేనరికం. మా నాన్న చెల్లెలే నాకు అత్తగారు. ఆవిడ కడుపున పుట్టిన ఇద్దరిలో చిన్నవాడిని నేను చేసుకున్నాను. పెద్ద బావ ఇప్పుడు లేడు. మావయ్యా లేడు. ఇద్దర్నీ కిడ్నీ జబ్బే తీసుకుపోయింది. మా వైపు ఊళ్ళలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎన్నేళ్ళు పడ్డారని మాత్రం అడుగుతారు. బావకి నలభై తొమ్మిదో ఏట మొదలైంది. జీడితోటలో మందు కొడుతూ కళ్ళు తిరిగి పడ్డాడు, అంతే. అప్పట్నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. గుండె కూడా కాస్త బలహీనం కాబట్టి శ్రీకాకుళం పెద్దాసుపత్రికే రమ్మన్నారు. మా ఊరి నుంచి గంటంపావు దారి.

కారు అందుకోసమే కొన్నాం. నలభై ఆరో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను. క్లచ్చి నా బుర్రకెక్కలేదు, ఎక్కినట్టే ఎక్కి నాలుగు రోడ్ల కూడలిలో దిగిపోయేది. అందుకే గేర్లు దానంతట అదే మార్చుకునే కారు తీసుకున్నాం. మరీ కష్టమైతే అద్దె కారు మాట్లాడుకోవచ్చు కదా అన్నారు తోటి టీచర్లు. మాట్లాడాం. తెల్లవారుజామున ఐదింటికి రెండుసార్లు రాలేదు. ఒకసారి రాకపోతే ఒక డయాలసిస్ పోతుంది, ఒకటి పోతే రెండు రోజుల నీరు ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల దాకా వస్తుంది. కాబట్టి మా ఇంట్లో బావ ప్రాణం ఆ కారు మీద నడుస్తోంది. ఈ మాట ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. అత్త మాత్రం కారుని 'అది' అనడం మానేసి 'ఆవిడ' అనేది.

లైటు వెలిగిన రోజు కారు ఒక్క కుదుపు కుదిపి, ఆ తర్వాత ఇంజను గీపెడుతున్నా వేగం పెరగలేదు. ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలైపోయింది. మర్నాడు టౌన్లో వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. వాళ్ళు స్కానర్ తగిలించి, గేర్‌బాక్సులో నూనె ప్రెషర్ చూసే సెన్సర్ తప్పు చూపిస్తోందన్నారు. ఆ గేర్‌బాక్సుకి గేర్లు వేసేది నూనె ఒత్తిడే. ఒత్తిడి ఎంతుందో సెన్సర్ చెప్పాలి. అది చెప్పకపోయినా, అడ్డదిడ్డంగా చెప్పినా, కారులోని కంప్యూటర్ భయపడిపోయి మూడో గేరులోనే ఉండిపోతుందట, గేర్‌బాక్సు పాడవకుండా. ఆ నూనె ఎర్రగా ఉంటుందని కూడా అక్కడే తెలిసింది. "ఎప్పుడైనా కారు కింద ఎర్రగా కనిపిస్తే మాత్రం నడపకండి మేడమ్" అన్నాడు అక్కడి మనిషి. సెన్సర్ మార్చారు. లైటు ఆరింది.

నాలుగు వారాలు బాగానే నడిచింది. ఆ నాలుగు వారాలూ రోజూ లేవగానే ముందు కారు కింద చూడడం నాకు కొత్త జబ్బయింది. మా వాకిలంతా ఇసుక నేల. ఒకరోజు తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే ముందు చక్రాల మధ్య అరచేయంత ఎర్ర మరక.

వంగి వేలితో ముట్టుకున్నాను. ఇసుక తడిగా ఉంది. జిడ్డుందో లేదో కూడా చూసుకోలేదు, అంత భయపడ్డాను. మా పిల్లలెవరైనా ప్రయోగశాలలో ఇలా చేస్తే సున్నా మార్కులు వేసేదాన్ని. ఆ రోజుల్లో అసలు ఎర్ర రంగే నాకు పడేది కాదు. వారానికి మూడుసార్లు బావ చేతిలోంచి నెత్తురు గొట్టాల్లో బయటికొచ్చి, మెషీన్ చుట్టూ తిరిగి, మళ్ళీ లోపలికి పోవడం నాలుగు గంటలు కూర్చుని చూసేదాన్ని. వాకిట్లో ఆ మరక చూడగానే టార్చి ఆర్పేశాను.

నడపకుండా ఎలా? నడిపాను. ఆమదాలవలస రోడ్డు దాటగానే లైటు వెలిగింది.

వర్క్‌షాపు వాళ్ళు కారుని పైకెత్తి గంటసేపు చూశారు. ఎక్కడా కారడం లేదు. నూనె కూడా తగ్గలేదు. "మరి ఆ ఎర్రదేంటి?" అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సెన్సర్ కొత్తదే కాబట్టి తప్పు గేర్‌బాక్సు లోపలే ఉండి ఉంటుందన్నారు. దింపి విప్పాలి, పదిహేను రోజులు పడుతుంది. పదిహేను రోజులంటే ఆరు డయాలసిస్‌లు. ఆలోచించి చెబుతానని కారు తెచ్చేసుకున్నాను.

బావకి నేనొక డైరీ పెట్టాను. ఏ రోజు ఎంత బరువు, బీపీ ఎంత, కాళ్ళ వాపు ఎంత. కారు మొరాయించిన రోజులు కూడా అందులోనే రాసుకున్నాను. ఒక సాయంత్రం ఆ తేదీల్ని గోడ మీద కేలండర్‌తో పోల్చి చూశాను. మొదటిసారి లైటు వెలిగింది అమావాస్య మర్నాడు. రెండోసారీ అమావాస్య మర్నాడే.

నేను సైన్సు టీచర్ని. గ్రహణం రోజు పిల్లలచేత అటుకులు తినిపించిన మనిషిని. అత్త పౌర్ణమి అనీ అమాస అనీ ఏదైనా చెబితే, "చంద్రుడికి మనింటి అడ్రసు తెలుసా అత్తా?" అని ఏడిపించేదాన్ని. అలాంటిదాన్ని, కేలండర్‌లో ఆ నల్ల చుక్క మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో. ఎవరికీ చెప్పలేదు. వచ్చే నెల నల్ల చుక్క ఎక్కడుందో చూసుకున్నాను. గురువారం. ఆ మర్నాడు శుక్రవారం, డయాలసిస్.

ఆ శుక్రవారం నాటికి బావ బాగా లేడు. బుధవారం డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతే మెషీన్ ముందే ఆపేశారు. ఒంట్లో నీరు తియ్యాల్సినంత తియ్యలేదు. పాదాలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. తెల్లవారుజామున ఐదింటికి టార్చి వేశాను. ఎర్ర మరక ఉంది. ఈసారి ఇంకా పెద్దగా ఉంది.

అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. నేను మరకని చూడడం చూసింది. "జాగర్తగా ఎల్లండమ్మా" అంది, ఎప్పుడూ అనేదే.

శ్రీకాకుళం ఇంకా ముప్పై కిలోమీటర్లుందనగా కారు దబ్బున ఒక దెబ్బ కొట్టింది. లైటు వెలిగింది. ఇంజను అరుస్తోంది గానీ వేగం నలభై దాటడం లేదు. వెనకాల లారీలు హారన్లు మోగించుకుంటూ మమ్మల్ని ఒరుసుకున్నంత పనిచేసి పోతున్నాయి. ఆపి, మళ్ళీ స్టార్ట్ చేశాను. రెండు కిలోమీటర్లు మామూలుగా వెళ్ళి మళ్ళీ అదే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సగంలో నిలబడిపోతుందేమో అనుకున్నాను. నిలబడలేదు, పాకింది.

"సీటు కాస్త లేపవే, పడుకుంటే ఊపిరాడ్డం లేదు" అన్నాడు బావ. లేపాను. కూర్చున్నా ఆడలేదు. ముందుకి వంగి డాష్‌బోర్డు మీద రెండు చేతులూ పెట్టి, నోటితో గాలి లాక్కుంటున్నాడు. ప్రతి ఊపిరికీ లోపల నీళ్ళ చప్పుడు. నేను కారుని తిట్టలేదు. జీవితంలో మొదటిసారి ఒక వస్తువుని బతిమాలాను. "ఆవిడ" అనే పిలిచాను అనుకుంటా, గుర్తులేదు.

అరగంట పైనే ఆలస్యంగా చేరాం. బావని కుర్చీలో కూర్చోబెట్టి పరుగున తీసుకెళ్ళి ముందు ఆక్సిజన్ పెట్టారు. ఎందుకింత లేటు అనడిగింది నర్సు. కారు, అన్నాను. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు నాకిప్పటికీ నచ్చదు.

మా స్కూల్లో డ్రాయింగు మాస్టారిది గరివిడి. అక్కడొక పెద్దాయనున్నాడు, ఫ్యాక్టరీలో నూనె ఒత్తిడితో పనిచేసే పెద్ద మెషీన్లు చూసి చూసి రిటైరై, ఇప్పుడు ఇంటి పక్క షెడ్డులో కార్లు చూస్తున్నాడని చెప్పారు. ఆదివారం వెళ్ళాం. బావ కాస్త తేరుకున్నాడు, ఇంట్లో కూర్చోలేనని తనూ వచ్చాడు. పెద్దాయన బావని చూసి ఏమీ అడక్కుండా నీడలో కుర్చీ వేశాడు, చేతిమీద డయాలసిస్ సూదులకి ఉబ్బిన నరం చూసి తెలుసుకున్నట్టున్నాడు. కారు జోలికి వెళ్ళకుండా నన్ను అడిగాడు.

"ఎప్పుడెప్పుడు వస్తాదమ్మా ఈ లైటు?"

డైరీ ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని చూశాడు. సిగ్గుపడుతూనే అమావాస్య సంగతి కూడా చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"కారుకి అమాస తెల్దమ్మా. మనుసులకి తెలుస్తాది. అమాసకి మీ ఇంట్లో ఏటి సేస్తారు?"

"ఏమీ చెయ్యం" అన్నాను.

కుర్చీలో బావ కదిలాడు. నేను పట్టించుకోలేదు.

పెద్దాయన గేర్‌బాక్సుకి ఒక చిన్న మర విప్పి, అక్కడ ముల్లున్న గేజీ బిగించి నన్ను కారు స్టార్ట్ చేయమన్నాడు. గేర్లు మారుస్తుంటే ముల్లు సరిగ్గా లేస్తోంది, సరిగ్గా దిగుతోంది. "గేరు పెట్టికేటీ నేదు. పెట్టి బంగారం. ఒత్తిడి ఉన్నాది, ఉందని సెప్పే మాటే సరిగ్గా రావట్లేదు" అన్నాడు. తర్వాత మీటరు తీసి సెన్సరుకి పోయే వైర్ల మీద పెట్టాడు. అంకె నిలకడగా ఉంది. వైర్ల కట్టని వేళ్ళతో అటూ ఇటూ ఊపాడు. అంకె ఎగిరి పడింది. "దొరికినాడు దొంగ" అని సెన్సరు నెత్తిన ఉండే ప్లగ్గు ఊడదీసి నా ముందు పెట్టాడు.

లోపలి రాగి సూదులకి పచ్చగా చిలుం పట్టింది. దాని చుట్టూ పసుపుపచ్చటి ముద్ద, అంచుల్లో ఎర్రగా. ఆయన గోటితో గీకి వాసన చూశాడు. నాకూ చూపించాడు. ఆ వాసన నాకు పుట్టినప్పట్నుంచి తెలుసు. పసుపు, సున్నం.

ఆయన లేచి ముందద్దం కింద, వైపర్లుండే చోట ప్లాస్టిక్ మూత విప్పాడు. కింద చిన్న తొట్టిలా ఉంటుంది, వాన నీళ్ళు అందులో పడి గొట్టంలోంచి బయటికి పోవాలి. ఆ గొట్టం మూతి నిండా కుళ్ళిన బంతిపూల రేకలు. తొట్టిలో ఇంకా రెండు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. ఎర్రగా ఉన్నాయి. కారు కదిలినప్పుడల్లా అవి అంచు దాటి, చుక్క చుక్కగా కింద ప్లగ్గు మీద పడుతున్నాయి. ఆయన మగ్గుతో ఇంకొంచెం నీళ్ళు పోసి, ఎక్కడ పడుతున్నాయో వేలితో చూపించాడు.

"అమ్మ" అన్నాడు బావ.

అతనికి తెలుసు. అమావాస్య నాడు దీపాలవేళ, నేను వంటింట్లో ఉండగా, అత్త పళ్ళెంలో పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీస్తోంది. ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. మా వాకిట్లో ఎవరూ తొక్కని చోటంటూ లేదు కాబట్టి అద్దం కింద, 'ఆవిడ' నుదుటి దగ్గర, పువ్వు పెట్టి పోసేస్తోంది. నేను వెక్కిరిస్తానని నాకు తెలియకుండా. బావ కిటికీలోంచి చూశాడు, దోసెడు నీళ్ళు ఏం చేస్తాయిలే అనుకున్నాడు. లైటు వెలగడం మొదలయ్యాక భయం ఎక్కువై అత్త నీళ్ళు ఇంకా ఎక్కువ పోసింది.

పెద్దాయన రేకలన్నీ తీసి, గొట్టంలోకి తీగ దూర్చి శుభ్రం చేశాడు. పాత ప్లగ్గు కోసేసి కొత్తది కలిపాడు. సూదుల్ని మందుతో, చిన్న బ్రష్షుతో తోమి, మీద గ్రీజు రాశాడు. సెన్సర్ బాగానే ఉంది, మార్చలేదు. సాయంత్రం చీపురుపల్లి వైపు నడిపి చూశాం. గేర్లు ఎప్పుడు మారుతున్నాయో కూడా తెలియలేదు. దిగేటప్పుడు ఆయన అన్నాడు, "ఇంట్లో పెద్దావిడ్ని ఏటీ అనకండమ్మా. మంచికే సేసింది."

దారిలో బావ కూడా అదే అన్నాడు. "అమ్మతో అనకే. నేను మెల్లగా చెప్తాను." ఊఁ అన్నాను. నిజంగానే అనకూడదనుకున్నాను. కానీ బండి ఎంత బాగా నడుస్తోందో చూస్తున్నకొద్దీ, ఆ శుక్రవారం పాకుతూ వెళ్ళిన ముప్పై కిలోమీటర్లూ నా గొంతులోకొచ్చాయి. నా కోపం సంగతి నాకు తెలుసు, అది ఇల్లు చేరేదాకా ఆగుతుంది, అంతే.

అత్త అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. కారు బాగైందా అని అడిగింది. నేను చెప్పేశాను. చెప్పడం కాదు, అరిచాను. "నీ నీళ్ళే అత్తా! ఆ రోజు రోడ్డు మీద నీ కొడుక్కి ఊపిరాడకుండా చేసింది నీ నీళ్ళే. ఇంకొంచెంలో చంపేసేదానివి."

ఆవిడ చేతిలో బియ్యం అలాగే ఉన్నాయి.

"నా నీళ్ళా?" అంది.

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. బావ నావైపు చూడలేదు.

ఆ తర్వాత కారుకేమీ కాలేదు. వాకిట్లో మరక లేదు. అత్తే మారిపోయింది. అంతకుముందు ఐదింటికి మేం బయల్దేరుతుంటే వాకిట్లో నిలబడేది, ఇప్పుడు తన గది తలుపు వేసి ఉంటుంది. బావకి రోజుకి ఇన్నే నీళ్ళు తాగాలని లెక్కుంది. చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి, చేతికిచ్చి, తాగేదాకా పక్కన కూర్చోవడం ఆవిడ పని. ఇప్పుడు గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతోంది. పదిరోజులయ్యాక బావే అన్నాడు, "అమ్మ నన్ను ముట్టుకోవడం లేదు, చూశావా?"

చూశాను. చూడనట్టున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. పిల్లల దగ్గర తప్పు చేసినా పాఠం వేగంగా చెప్పేసి తప్పించుకుంటాను.

అమావాస్య వచ్చింది. దీపాలవేళ నేనే పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, సున్నం కలిపాను. రంగు మారడం చూస్తే ఎప్పుడూ నాకు ముచ్చటే, క్లాసులో కూడా చేసి చూపిస్తాను. ఆ రోజు మాత్రం చూడకుండా కలిపాను. పళ్ళెం తీసుకెళ్ళి అత్త మంచం దగ్గర కింద కూర్చున్నాను.

"రా అత్తా. చక్రం దగ్గర పోద్దువుగాని, అక్కడేమీ కాదు. ఎవరూ తొక్కకుండా నేను చూస్తాను."

ఆవిడ పళ్ళెంలోకి చూసింది. రెండు చేతులూ చీరకొంగులో దాచుకుంది.

"వద్దమ్మా. నా సెయ్యి మంచిది కాదు."

"నేను కోపంలో అన్నాను. తప్పు నాది."

"కోపంలో అన్నా నిజమే అన్నావు. మీ మావకి దిష్టి నేనే తీసినాను. పెద్దోడికీ నేనే తీసినాను. ఇద్దరూ పోనారు. ఇన్నాళ్ళూ నాకు తెల్దు, నువ్వు సెప్పినాక తెలిసింది."

నాకు ఏడుపొచ్చింది. కొంగులోంచి ఆ చేతిని లాగి నా తలమీద పెట్టుకున్నాను. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే పుట్టింటికొచ్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది ఈ చెయ్యే. "నాకూ తీశావు కదత్తా, ఎన్నిసార్లో. నేను బతికే ఉన్నాను కదా?"

ఆవిడ నా తల నిమిరింది.

"నీకు తీసినపుడు నాకు బయ్యిం నేదమ్మా."

పళ్ళెం తెచ్చి వాకిట్లో కారు చుట్టూ ఒక్కదాన్నే మూడుసార్లు తిప్పి, వెనక చక్రం దగ్గర పోశాను. ఏమనుకుంటూ పొయ్యాలో తెలియక ఏమీ అనుకోలేదు.

మర్నాడు ఐదింటికి కారు స్టార్ట్ చేశాను. లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోయాయి. బావ అద్దం దించి వాకిలి వైపు చూస్తున్నాడు. అత్త గది తలుపు తెరుచుకుంటుందేమోనని నేనూ కాసేపు ఆగాను. తెరుచుకోలేదు. ఆలస్యమవుతోందని బయల్దేరాం.